బీపీ తగ్గింది... గోలీ మానవచ్చా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: నాట్లు వేసే కూలీకి, బీడీలు చుట్టే మహిళకు, సాంచెల వద్ద షిఫ్టంతా నిలబడే కార్మికుడికి, గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన వారికి... ఎవరికైనా రక్తపోటు రావచ్చు. వచ్చినట్లు తెలియకపోవచ్చు కూడా. చాలామందిలో నొప్పీ ఉండదు, జ్వరమూ ఉండదు. అందుకే దవాఖానాలో ఇచ్చిన గోలీలు నెలరోజులు మింగి, బీపీ మామూలుగా ఉందనగానే మానేసేవారు ఉన్నారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. గోలీ ఒంట్లో చేసే పని తెలిస్తే దాన్ని ఎందుకు మానరాదో తెలుస్తుంది.

నాళం ఇరుకైతే ఒత్తిడి

బీపీకి విరివిగా ఇచ్చే మందుల్లో ఆమ్లోడిపిన్ ఒకటి. రక్తపోటును అదుపు చేసేందుకు 2017 నవంబరులో 5 రాష్ట్రాల్లోని 25 జిల్లాల్లో ఒక జాతీయ కార్యక్రమం మొదలైంది. ఆ రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. సాధారణంగా రోజుకు 5 మిల్లీగ్రాముల ఆమ్లోడిపిన్ గోలీతో చికిత్స ప్రారంభిస్తారు.

సన్నని రక్తనాళాల గోడల్లో కండ ఉంటుంది. అది బిగుసుకుంటే నెత్తురు పారే దారి ఇరుకవుతుంది. బోరు నీళ్లు పారుతున్న రబ్బరు పైపును చేత్తో నొక్కి పడితే వెనక ఒత్తిడి పెరుగుతుంది. పట్టు సడలిస్తే తగ్గుతుంది. నాళాల్లోనూ ఇంతే.

ఆ కండ బిగియడానికి కాల్షియం కావాలి. గుండె కొట్టుకోవడానికి కాల్షియం అవసరమని 1883లో లండన్ వైద్యుడు సిడ్నీ రింగర్ వెల్లడించారు. కొన్ని మందులు కాల్షియం చేసే పనిని అడ్డుకుంటాయని 1960లలో జర్మనీ శాస్త్రవేత్త ఆల్బ్రెక్ట్ ఫ్లెకెన్‌స్టైన్ కనుగొన్నారు. ఆమ్లోడిపిన్ ఆ కోవలోదే. కండలోకి కాల్షియం వెళ్లే సన్నని ద్వారాలను, చెరువు తూముకు షట్టరు కొంత దించినట్లు, ఇది మూస్తుంది. కండ సడలుతుంది. నాళం వెడల్పవుతుంది. ఒత్తిడి దిగుతుంది. ఎముకల్లోని కాల్షియాన్ని ఈ గోలీ లాగదు. దీనికోసం పాలు, పెరుగు మానవలసిన పనిలేదు.

ఆలస్యమే మోసం

ఒంట్లో చేరిన ఈ మందు సగానికి తగ్గడానికి 30 నుంచి 50 గంటలు పడుతుంది. రోజుకొకటి చొప్పున వేసుకుంటే వారం, పది రోజులకు గాని పూర్తి బలం రాదు. అందుకే మొదటి గోలీతోనే బీపీ దిగిపోదు. మానిన మర్నాడే పెరిగిపోదు కూడా. రెండు రోజులు మానినా ఏమీ కాలేదని ధైర్యం వస్తుంది. లోపలి మందు అయిపోయాక నాళం మళ్లీ బిగుసుకుంటుంది. ఆ సంగతి మనిషికి తెలియదు. పరీక్షలో బీపీ మామూలుగా ఉందంటే గోలీ పనిచేస్తోందని అర్థం. జబ్బు పోయిందని కాదు.

గోలీ అలవాటైతే వదలదన్న భయం కొందరిలో ఉంది. మత్తుమందులా అలవాటు చేసే గుణం దీనికి లేదు. చాలామందిలో రక్తపోటు జీవితాంతం ఉంటుంది కనుక గోలీ కూడా అన్నాళ్లూ కావాలి. అశ్రద్ధ చేస్తే పక్షవాతం, గుండెపోటు రావచ్చు, కిడ్నీలు చెడిపోవచ్చు. కూలితో గడిచే ఇంట్లో ఒకరు మంచాన పడితే, చూసుకునే మరొకరి కూలీ పోతుంది.

కాళ్లు వాస్తే...

ఈ గోలీతో కొందరికి చీలమండల వద్ద వాపు వస్తుంది. సన్నని నాళాలు వెడల్పు కావడంతో నెత్తురులోని నీరు కొంత బయటికి ఊరడమే ఇందుకు కారణం. అయితే గుండె, కిడ్నీల జబ్బుల్లోనూ కాళ్లు వాస్తాయి. కాబట్టి సొంతంగా గోలీ మానకుండా డాక్టరుకు చూపించాలి. మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో ఆయన చేస్తారు. తలనొప్పి, కళ్లు తిరగడం, చిగుళ్లు వాయడం ఉన్నా చెప్పాలి.

పక్కింటివారి గోలీ వాడరాదు. టెల్మిసార్టాన్ వంటి కొన్ని బీపీ మందులు కడుపులోని బిడ్డకు హాని చేస్తాయి. గర్భిణులు ఆ విషయం ముందే డాక్టరుకు తెలపాలి. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు కలిపి మింగరాదు.

పరీక్షే మొదటి మెట్టు

2022 మార్చిలో రాజన్న సిరిసిల్ల, ములుగు జిల్లాల్లో ప్రయోగాత్మకంగా ఆరోగ్య సర్వే చేపట్టారు. సిబ్బంది ఇంటింటికీ వెళ్లి 18 ఏళ్లు దాటినవారికి బీపీ వంటి పరీక్షలు చేశారు. అప్పుడు బాగున్నవారు కూడా మళ్లీ చూపించుకోవడం మంచిది. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90, ఆపైన ఉంటే దాన్ని రక్తపోటుగా లెక్కిస్తారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పరీక్ష, గోలీలు ఉచితం.

ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. తొక్కులు, అప్పడాల్లోని ఉప్పు కూడా ఈ లెక్కలోనిదే. బీడీ, మద్యం మానాలి. గల్ఫ్ వెళ్లేవారు గోలీలు, డాక్టరు చీటీ గురించి బయలుదేరకముందే మాట్లాడుకోవాలి. ఇంటి వద్ద ఉన్నవారు చివరి గోలీ అయిపోయేదాకా ఆగకుండా, వారం మిగిలి ఉండగానే దవాఖానాకు వెళ్లి తెచ్చుకోవాలి.