ముకుతాడు మెత్తగా ఉంటేనే ఎద్దు మాట వింటుంది!

'ముకుతాడు' అనగానే మన ఆడవాళ్ళకి ముందు నవ్వొస్తుంది. "ఫలానావిడ మొగుడికి ముకుతాడు వేసిందమ్మా!" అని చెవులు కొరుక్కోవడం మనకి అలవాటే కదా! ఈ వారం చెప్పబోయేది మాత్రం నిజం ముకుతాడు గురించి. ఎద్దు ముక్కుకి వేసే తాడు గురించి.

"ఎద్దుల సంగతి మనకెందుకు? మగవాళ్ళు చూసుకుంటారు" అంటారా? మరి తెల్లారి లేచి కుడితి పెట్టేదెవరు? పేడ తీసేదెవరు? సాయంత్రం కాడి దించాక గాటికి మేత వేసేదెవరు? ఎద్దు మొహాన్ని రోజుకి నాలుగుసార్లు దగ్గరగా చూసేది మనమే. దాని ముక్కులో పుండు పడితే మొదట కనిపించాల్సింది మన కంటికే.

నాకు మాత్రం కనిపించలేదు. ఆ కథే ముందు చెబుతాను.

మొండి కోడె

మా అత్తగారి ఊరు ఆలూరు పక్క పల్లె. అంతా నల్లరేగడి, వాన మీద ఆధారపడిన సేద్యం. ఒక్క పదునైన వాన పడిందంటే రెండు మూడు రోజుల్లో గొర్రు కట్టి విత్తనం వేసెయ్యాలి. ఆ తడి ఆరితే మళ్ళీ వాన ఎప్పుడో ఎవరికీ తెలియదు. నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు మా ఆయన సంతలో ఒక కోడెను కొన్నారు. నిలువెత్తు మనిషిలా, చూడముచ్చటగా ఉండేది. దాపట కట్టారు. మొదటి వారం బాగానే నడిచింది. తర్వాత పగ్గం తగిలితే చాలు, తల పైకెత్తి విదిలించేది. గుంటక సాలు తప్పించేది. మలుపు దగ్గర తిరగమంటే వెనక్కి తన్నుకునేది.

"ఇది మొండిది. వచ్చే సంతకి తోలేస్తా" అన్నారాయన. వానకారు ముందు అలాంటి ఎద్దుని కొనేది ఎవరో, ఎందుకు కొంటారో మీకు తెలియనిది కాదు.

ఆ సాయంత్రం మా అత్త లాంతరు పట్టుకుని గాటి దగ్గరికి వచ్చింది. "మ్మేయ్, దీపం ఇట్ల ఎత్తు. వాని ముక్కులో ఏముందో సూడు" అంది. చూసి నా కడుపులో దేవినట్టయింది. సన్నటి నైలాను తాడు. అది లోపలి మెత్తటి కండని కోసుకుంటూ పోయింది. రెండు వైపులా పచ్చిపుండు. రోజూ కుడితి పెట్టిన నేను ఒక్కసారైనా వంగి చూడలేదు!

"ఒరేయ్, నీ ముక్కులో దారమేసి లాగితే నువ్వు ఊరుకుంటావా?" అని కొడుకుని అడిగింది మా అత్త. ఆయన మాట్లాడలేదు.

తాడు తీసి మూడు వారాలు పనికి కట్టలేదు. ఇంతలో వాన పడింది. పక్కింటివాళ్ళ ఎద్దు మాకు బదులు దొరికేసరికి పదును సగం ఆరిపోయింది. ఆ ఏడు శెనిక్కాయ పలచగా మొలిచింది. రూపాయల్లో లెక్క వేస్తే, మంచి నూలు తాడు ఖరీదుకి ఎన్ని వందల రెట్లో!

మనమూ కుట్టించుకున్నాం కదా!

చిన్నప్పుడు ముక్కు కుట్టించుకున్నది గుర్తుందా? చీము పట్టి, మొహం కడుక్కుంటే ప్రాణం పోయినట్టుండేది. కొబ్బరినూనె రాస్తూ ఎన్ని రోజులు చేయి తగలనివ్వకుండా చూసుకున్నాం! ఎద్దుకి కుట్టేది రెండు ముక్కుపుటాల మధ్యనున్న గోడకి. ముందువైపు మెత్తగా ఉన్నచోట, పశువుల డాక్టరు చేతే కుట్టించాలి. అక్కడ నరాలు ఎక్కువ. అందుకే చిటికెడంత లాగినా అంత పెద్ద పశువు తల తిప్పుతుంది. అదే పనిగా గుంజితే పుండు పడుతుంది, మాని మచ్చ కడుతుంది, స్పర్శ తగ్గుతుంది. అప్పుడు ఇంకా గట్టిగా గుంజాల్సి వస్తుంది. 'గట్టిముక్కు ఎద్దు' అని తిడతామే, చాలాసార్లు దాన్ని అలా చేసింది మన చేతులే.

కొన్ని కోడెలు పుట్టుకతోనే మెత్తముక్కువి. పగ్గం కాస్త కదిలితే చాలు, అర్థం చేసుకుంటాయి. అలాంటిది ఇంటికొస్తే అదృష్టమే, దానికి తగిన తాడు వేస్తేనే సుమా!

ఎలాంటి తాడు?

* నూలు తాడు మేలు. పేని, ముడులు లేకుండా నున్నగా ఉండాలి. కొత్తదైతే ఉతికి, ఆరబెట్టి, ఆముదం పట్టించండి. మెత్తబడుతుంది.

* మరీ సన్నం వద్దు. ఉడికిన గుడ్డుని దారంతో కోస్తాం కదా, సన్నతాడు కండనీ అలాగే కోస్తుంది. బరువు సంచి పిడి సన్నగా ఉంటే వేళ్ళు కోసుకుపోవూ? పెద్ద ఎద్దుకి చిటికెనవేలంత లావు సరిపోతుంది. కొత్తగా కుట్టిన కోడెకి అంతకంటే కాస్త సన్నటి, మెత్తటి నూలు తాడు వేసి, గాయం మానేదాకా అసలు లాగకుండా ఉంచండి.

* ముడి ముక్కులో పడకూడదు. కొమ్ముల వెనక్కి రావాలి.

* బిగుతు చూసుకోండి. తాడుకీ దవడకీ మధ్య మీ రెండు వేళ్ళు సులువుగా దూరాలి. ఎద్దు తల దించి మేస్తుంటే తాడు ముక్కుని పట్టి లాగకూడదు.

* ముకుతాడుతో గుంజకి కట్టేయకండి. కట్టడానికి మెడకి పలుపు ఉంది. టపాకాయ చప్పుడుకో కుక్క అరుపుకో బెదిరి వెనక్కి గుంజుకుంటే ముక్కు చీలిపోతుంది. చీలిన ముక్కు తనంతట తాను అతకదు.

* పాతతాడు మార్చేటప్పుడు లంగా బొందు చిట్కా వాడండి! పాత బొందుకి కొత్త బొందు కుట్టి లాగుతాం చూశారా, అలాగే పాత తాడు కొసకి కొత్తదాన్ని దారంతో కుట్టి, నూనె రాసి, మెల్లగా లాగితే నొప్పి లేకుండా వచ్చేస్తుంది.

* పుండు పడితే తాడు తీసేయాల్సిందే. గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో కడిగి, వేపనూనెలో పసుపు కలిపి రాయండి. పురుగు పట్టిందంటే ఫినాయిలు, పెట్రోలు పోయకండి. 1962 నంబరుకి ఫోన్ చేసి పశువుల డాక్టరుని పిలవండి.

సాధువైన ఎద్దుకి ముక్కు కుట్టకుండా మొహానికి మాత్రమే తాడు కట్టి నడిపించే పద్ధతీ ఉంది. మీ ఎద్దు ఆ తీరుదైతే అదే పదివేలు.

గుర్రమెక్కిన అమ్మాయిల మాట

గుర్రం నోటి కళ్ళేనిదీ ఇదే లెక్క. ముందు పళ్ళకీ దవడ పళ్ళకీ మధ్య పళ్ళు లేని చోటు ఒకటుంటుంది. కళ్ళెం కమ్మి అక్కడ, నాలుక మీద కూర్చుంటుంది. కమ్మి లావుగా, నున్నగా ఉంటే మెత్తన. సన్నగా, మెలితిరిగి ఉంటే కోత. మెత్తనోటి గుర్రానికి కోసే కళ్ళెం వేస్తే అది తల ఎగరేస్తుంది. అచ్చం మా కోడెలాగే!

అమెరికాలో ఆడవాళ్ళు ఆడే ఒక గుర్రపు పందెం ఉంది. మూడు డ్రమ్ములను త్రికోణంగా పెడతారు. ఒక్కో డ్రమ్ము చుట్టూ గుర్రాన్ని తిప్పుకుంటూ క్షణాల్లో వెనక్కి రావాలి. డ్రమ్ము పడితే 5 సెకన్లు అదనంగా కలుపుతారు. ఇలాంటి పందేల కోసం 1948లో టెక్సాస్‌లోని శాన్ ఏంజెలోలో ఆడవాళ్ళే కూడి సొంత సంఘం పెట్టుకున్నారు. 1985లో జాతీయ పోటీల్లో ఛార్మేన్ జేమ్స్ అనే పదిహేనేళ్ళ పిల్ల గుర్రం మీద బరిలోకి దూకుతుండగా కళ్ళెం ఊడిపోయింది. ఆ గుర్రం పేరు స్కాంపర్. కళ్ళెం లేకుండానే మూడు డ్రమ్ములూ చుట్టి, ఆ రోజు పందెం గెలిపించింది! ఆ పిల్ల కాళ్ళ కదలిక, ఒంటి ఒరుగు చాలు, దానికి దారి తెలిసింది.

చట్టం ఏమంటుంది?

బండి లాగే, బరువులు మోసే పశువుల కోసం 1965లో కేంద్ర ప్రభుత్వం నియమాలు చేసింది. ముళ్ళ కళ్ళేలు, ముల్లుకర్రలు వాడకూడదు. పశువు చేత రోజుకి మొత్తం 9 గంటలు మించి, విరామం లేకుండా 5 గంటలు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కట్టకూడదు. మన ఆలూరు ఎండల సంగతి వేరే చెప్పాలా!

ఇంతకీ మా కోడె ఏమైందంటారా? పుండు మానాక మా అత్త తన చేత్తో పేనిన నూలు తాడు వేసింది. పగ్గం పట్టేవాళ్ళకి ఒకటే మాట చెప్పింది: "ఒకసారి కదిలించు, తిరగంగానే వదులు." రెండో రోజుకే గుంటక సాలు తప్పడం మానేసింది. మరుసటి ఏరువాక పున్నమికి కొమ్ములకి రంగులేసి, గజ్జెలు కట్టి ఊళ్ళో పరిగెత్తిస్తే అందరూ దాన్నే చూశారు. తొమ్మిదేళ్ళు మా ఇంట్లో సేద్యం చేసి, మా గాట్లోనే ముసలిదై పోయింది.

ఈ పూట మేత వేసేటప్పుడు మీరూ ఒక్కసారి దీపం ఎత్తి చూడండి. తాడు కింద ఎర్రగా కనిపిస్తే రేపటి పని ఆపేయమని మీ ఇంటాయనకి చెప్పండి. వినకపోతే... ఆ రెండో రకం ముకుతాడు ఉండనే ఉంది కదా!