ఖమ్మము దుర్గము

భద్రాచలపు సరిహద్దులు జరిగినన్ని మార్లు మఱెచ్చటను జరిగియుండవు. 1860లో నిజాము ఆ తాలూకాను ఆంగ్లేయుల కొసగెను. 1874లో అది గోదావరి మండలమున చేరెను. 1959లో ఖమ్మము జిల్లాకు వచ్చెను. 2014లో చుట్టుపట్ల మండలములు ఆంధ్రప్రదేశమునకు పోగా, 2016లో పట్టణము కొత్త జిల్లాలో చేరినది. ఇన్ని గీతలు చెఱిగినను ఈ అడవులకు వాకిలివంటి ఖమ్మము గుట్టమీది దుర్గము మాత్రము నిలిచియున్నది.

దానిని శితాబుఖానుడు ఏలెను. 16వ శతాబ్దమున గోలకొండ సుల్తాను గెలుచుకొనెను. అసఫ్‌జాహీల సేనాని జఫరుద్దౌలా పేరిట పిలువబడు బావి నేటికిని కలదు. ఇన్ని చేతులు మాఱిన కోట మనదెట్లగునని కొందఱు శంకింతురు. వారికి మేము ఇంగ్లండునందలి హేడ్రియను గోడను చూపెదము.

ఆ గోడను క్రీ.శ. 122లో కట్టనారంభించినవారు బ్రిటనును జయించి యేలిన రోమనులు. అనగా పరపాలకులు! వారు వెడలిపోయిన పిదప, రైతులు ఆ రాళ్లతో కొట్టములను, దేవళములను కట్టుకొనిరి. 18వ శతాబ్దమున ప్రభుత్వమే బాట వేయుటకై గోడను పెల్లగించెను. దానిని నిలిపినవాడు జాన్ క్లేటను అను భూస్వామి. న్యూకాసిలు నగర కార్యదర్శిగా నున్న ఆయన, గోడ వెంబడి భూములు అమ్మకమునకు వచ్చినప్పుడెల్ల సొంత సొమ్ముతో కొని, రాళ్లు తరలకుండ కాపాడెను. 1890లో గతించునాటికి ఐదు రోమను కోటలు ఆయన యధీనమున నుండెను. అయితే వంశమువా డొకడు జూదమున అప్పులపాలు కాగా, 1929లో ఎస్టేటు వేలమునకు వచ్చెను. ఒక్క గృహస్థుని శ్రద్ధకు ఆయుర్దాయ మంతియే.

అంతలో రాతిగనుల వర్తకులు గోడ ప్రక్కనే కొండను త్రవ్వుటకు సిద్ధపడిరి. దానిపై అలజడి రేగి 1931లో శాసనము వచ్చెను. కట్టడమునేగాక దాని పరిసరములను గూడ కాపాడు అధికారము ప్రభుత్వమునకు అప్పుడు లభించినది. 1987లో ఆ గోడ ప్రపంచ వారసత్వ సంపదలలో చేరెను.

నల్లరాతికి పేరొందిన ఖమ్మమునకు ఈ తుదిమాట మిక్కిలి వర్తించును. బురుజును కాపాడి, దాని పాదముననున్న నేలను విడిచిన లాభమేమి? దుర్గపు హద్దులు కొలిపించి, పటమును పురపాలక కార్యాలయపు గోడపై అందఱికి కనబడునట్లు తగిలించవలెను. ప్రాకారము నానుకొని భూములున్న ఆసాములు తమ దస్తావేజులతో వచ్చి ఆ కొలతకు తోడ్పడవలెనని మేము కోరుచున్నాము.