నూనె డబ్బాకి రెండో కన్నం

ఆ రోజు పదిహేనో తారీఖు. మధ్యాహ్నం రెండు దాటింది. కైకలూరు వైపు నుంచి ఏలూరు వస్తున్నాను. పెదఎడ్లగాడి వంతెన దాటి కాస్త దూరం వచ్చానో లేదో, బండి రెండుసార్లు దగ్గి, ఒకసారి నిట్టూర్చి ఆగిపోయింది. పైన ముసురు. రెండు వైపులా కొల్లేరు. చంకలో సంచి. ఆ సంచిలో లంక గ్రామాల ఆడవాళ్ళు నన్ను నమ్మి చేతిలో పెట్టిన డబ్బు.

నేను పోస్టాఫీసు పొదుపు ఏజెంటునండీ. నెలనెలా ఇంటింటికీ వెళ్ళి రికరింగ్ డిపాజిట్ సొమ్ము పోగుచేసి, ఏలూరులో కట్టి, పాసుబుక్కులు తిరిగి ఇస్తుంటాను. 1972లో మొదలైన ఈ ఏజెన్సీ ఆడవాళ్ళకే ఇస్తారు. కట్టిన వందకి నాలుగు రూపాయలు కమిషను. నెలలో మొదటి పదిహేను రోజుల్లో తెరిచిన ఖాతాకి ప్రతి నెలా పదిహేనో తారీఖులోగా కట్టేయాలి. దాటితే వందకి రూపాయి అపరాధం పడుతుంది. వరసగా నాలుగు వాయిదాలు తప్పితే ఖాతాయే ఆగిపోతుంది. చేపల చెరువుల మీద కూలికెళ్ళి, నెలకి ఐదొందలు మిగల్చడానికి నానా తిప్పలూ పడే వాళ్ళకి అది చిన్న విషయం కాదు.

ఇక నా బండి సంగతి. మా పెళ్ళయిన ఏడాది, 1993లో, మావారు కొన్న హీరో హోండా సీడీ హండ్రెడ్. నవ్వకండి, ఇప్పటికీ నడుస్తోంది. చక్కెర జబ్బు వల్ల ఆయన చూపు మందగించాక, నలభై ఆరేళ్ళ వయసులో నేను గేర్లు నేర్చుకున్నాను. మొదట్లో పవరుపేట వీధిలో పిల్లలు అరుగులెక్కి చూసేవారు. ఇప్పుడు ఎవరూ చూడరు, అలవాటైపోయింది.

ఆ మధ్యాహ్నం పావుగంట కిక్కు కొట్టాను. కాలు నొప్పి తప్ప ఫలితం లేదు. చేపల వ్యాను తోలుకొస్తున్న అబ్బాయి ఆగి, "ఏమైంది పిన్నిగారూ?" అంటూ దిగాడు. మూత తీసి ట్యాంకులోకి చూశాడు. "నిండుగానే ఉందండీ!" అన్నాడు. నిండక ఏం చేస్తుంది, కైకలూరులో అప్పుడేగా పోయించుకున్నాను! మూత పెట్టి ఒక్క కిక్కు కొట్టాడు. బండి బుద్ధిగా స్టార్టయింది. "కిక్కులో ఉందండీ కిటుకు" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

ఏలూరు చేరేలోగా అది మరోసారి ఆగింది. నేను వెళ్ళేసరికి కౌంటరు మూసేశారు. ఆ నెల ముప్ఫై ఒక్క ఖాతాలకి అపరాధం నా చేతి డబ్బుతో కట్టాను. డబ్బు పోతే పోయింది. మర్నెల ఒక పెద్దావిడ పాసుబుక్కు తిప్పి చూసి, "ఈసారి ఆలస్యంగా కట్టినట్టున్నావే అమ్మా?" అంది. తిట్టలేదు, అడిగిందంతే. ఆ మాట రాత్రంతా చెవిలో మోగుతూనే ఉంది.

మూడు నెలలు, మూడు బిల్లులు

మెకానిక్కుల దగ్గరికి వెళ్ళాను. ఒకరు ప్లగ్గు మార్చారు. ఇంకొకరు కార్బొరేటరు విప్పి కడిగారు. మూడో ఆయన, "పాత కార్బొరేటరు అరిగిపోయిందమ్మా, కొత్తది వెయ్యాలి" అన్నారు. ప్రతిసారీ షాపు ముందు బండి చక్కగా పలికేది. నేను సంతోషంగా ఇంటికి వచ్చేదాన్ని. నాలుగు రోజులకి లంకల దారిలో మళ్ళీ అదే కథ. మూడు బిల్లులూ కలిపితే ఒక నెల కమిషనులో సగం ఎగిరిపోయింది.

"అమ్మా, ఆ డొక్కు అమ్మేసి వాయిదాల మీద స్కూటరు తీసుకో" అని హైదరాబాదు నుంచి మా అబ్బాయి. ఉన్న పొదుపు మీద మళ్ళీ వాయిదాలా? "బస్సులో వెళ్ళరాదూ, టిక్కెట్టు కూడా లేదుగా" అని పక్కింటి వదినగారు. నిజమే, 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు. కానీ రోడ్డు దిగి లంకల్లోకి గట్ల మీదుగా వెళ్ళే దారుల్లో ఇంటింటికీ బస్సు రాదు కదా!

మావారు కుర్చీలో కూర్చుని అంతా వింటున్నారు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి అడిగారు.

"కరెంటు పోతే బల్బు ఎలా ఆరుతుంది?"

"ఠక్కున."

"దీపంలో నూనె అయిపోతే?"

"రెపరెపలాడి ఆరుతుంది."

"మన బండి ఎలా ఆగుతోంది?"

ఆలోచించాను. "దీపంలాగానే."

"అయితే ప్లగ్గు జోలికి వెళ్ళకు. పెట్రోలు అందట్లేదు. పైనుంచి కిందికి దారి వెతకాలి. చూపుంటే నేనే చూద్దును" అన్నారు. ఆ చివరి మాటకి నా కళ్ళు చెమర్చాయి గాని, మొదటి మాట మాత్రం మనసులో పడింది.

గూడెంలో బూరెలు

ఆ తర్వాతి వారమే తాడేపల్లిగూడెంలో మా ఆడపడుచు కూతురి సీమంతం. మావారిని, అత్తయ్యగారిని ముందురోజే రైలెక్కించాను. దారిలో భీమడోలులో వసూలు ఉండటంతో నేను బండి మీద బయల్దేరాను. దూరం కదా అని ట్యాంకు నిండా పోయించాను. దెందులూరు దాటగానే ఒకసారి, పుళ్ళ దగ్గర ఇంకోసారి ఆగింది. ఆగిన ప్రతిసారీ పది నిమిషాలు చెట్టు కింద నిలబడితే మళ్ళీ స్టార్టయ్యేది. ఎప్పుడు ట్యాంకు నింపితే అప్పుడే ఈ తద్దినం ఎక్కువేమిటి అని మొదటిసారి అనుమానం వచ్చింది.

గూడెం వెళ్ళేసరికి బూరెల మూకుడు పొయ్యి మీద ఉంది. కొత్త నూనె డబ్బా తియ్యమన్నారు. మేకుతో ఒక మూల కన్నం పొడిచి వంచాను. నూనె కాస్త వచ్చి, గుడగుడమని ఆగి, మళ్ళీ కాస్త వచ్చి, మూకుడు చుట్టూ చిందింది.

"అదేం పొయ్యడమే! ఎదుటి మూల రెండో కన్నం పెట్టు. గాలి లోపలికి వెళ్ళకపోతే నూనె బయటికెలా వస్తుంది?" అన్నారు అత్తయ్యగారు.

రెండో కన్నం పొడిచాను. నూనె దారంలా సన్నగా, ఆగకుండా దిగింది.

నేను డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బండి ట్యాంకూ డబ్బాయే కదా! మరి దానికి రెండో కన్నం ఎక్కడ?

మా ఆడపడుచు భర్త, అన్నయ్యగారు, గూడెం ఉల్లిపాయల మార్కెట్టుకి వచ్చే లారీలకి ముప్ఫై ఏళ్ళు రిపేర్లు చేసిన మనిషి. చెయ్యి తుడుచుకుని పరుగున వెళ్ళి అడిగాను. ఆయన నా బండి చుట్టూ ఒకసారి తిరిగి, ట్యాంకు మూత మీద చెయ్యి వేసి, పెద్దగా నవ్వారు.

"చెల్లెమ్మా, ఈ టోపీ ఎవరు కుట్టారు?"

ఇంకెవరు, నేనే! కిందటి వానాకాలం మూత తాళం కన్నంలోంచి నీళ్ళు దిగి పెట్రోల్లో కలిశాయి. మళ్ళీ అలా కాకూడదని ట్యాంకుకి రెక్సిన్ కవరు కుట్టి, మూతకి విడిగా ఒక టోపీ కుట్టాను. లోపల స్పాంజీ, అంచుకి ఎలాస్టిక్. చాలామంది మెచ్చుకున్నారు కూడా. మూతలో గాలి వెళ్ళడానికి సన్నని దారి ఉంటుంది. వానకి తడిసిన స్పాంజీ, రోడ్డు దుమ్ము కలిసి అక్కడ అట్టలా బిగిసిపోయాయి. అన్నయ్యగారు మూత విప్పి, కిరసనాయిల్లో కడిగి, గాలి ఊది చూపించారు. ఖర్చు సున్నా.

అప్పుడు ఒక్కొక్కటీ అర్థమైంది. పెట్రోలు దిగిన మేరకి పైన గాలి లోపలికి రావాలి. రాకపోతే లోపలి గాలి పలచబడి పెట్రోలుని పట్టుకుని వదలదు. ట్యాంకు నిండుగా ఉంటే పైన గాలి కొంచెమే, అందుకే తొందరగా ఆగేది. సగముంటే ఇంకాస్త దూరం లాగేది. పది నిమిషాలు ఆగితే ఏ సందులోంచో గాలి చేరేది. ఇక మెకానిక్కుల సంగతి చూడండి: బండి ముందుకి రాగానే ఎవరైనా చేసే మొదటి పని మూత తీసి పెట్రోలు ఉందా అని చూడటం! అక్కడితో రోగం నయం. ఆ తర్వాత ఏ భాగం విప్పితే ఆ భాగానికి పేరొచ్చేది. వాళ్ళని అనడానికి లేదు, తప్పు నా కుట్టుపనిది.

"పెట్రోలు నింపు, మూత మూయి, మరిచిపో" అన్నట్టు ఈ బండికి ఆ రోజుల్లో ప్రకటన వచ్చేది. నేను మరీ గట్టిగా మూశాను!

మీ బండి దారిలో ఆగితే

అన్నయ్యగారు ఆ రోజు నాకు చెప్పిన వరస మీకూ చెబుతాను. 2020 ఏప్రిల్ నుంచి కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాక మోటారు సైకిళ్ళలో కార్బొరేటరు దాదాపు పోయింది, కాబట్టి ఇది అంతకు ముందు బళ్ళకి. ఒక్క మాట ముందు: ఇంజను చల్లారాక, ఆరుబయటే చెయ్యండి. దగ్గర్లో పొయ్యి, దీపం, అగరువత్తి, సిగరెట్టు ఏవీ ఉండకూడదు.

మొదట ట్యాపు సరిగ్గా తిరిగి ఉందా చూడండి. రిజర్వులో పెట్టి చూడండి. ఆగబోయే ముందు చోక్ లాగితే బండి కాస్త కోలుకుంటే, పెట్రోలు తక్కువ అందుతోందని గుర్తు.

రెండోది మూత. ఆగిన వెంటనే తెరవండి. ఉస్సుమని గాలి పీల్చిన శబ్దం వచ్చి, ఆ తర్వాత బండి స్టార్టయితే దొంగ అక్కడే ఉన్నాడు.

మూడోది ట్యాపు, పైపు. ట్యాపు కట్టేసి, కార్బొరేటరు దగ్గర పైపు లాగి, గాజు సీసాలో పెట్టి ట్యాపు తిప్పండి. ధార ఆగకుండా రావాలి. చుక్కలు చుక్కలుగా వస్తుంటే మూత తెరిచి చూడండి. అప్పుడు ధార పెరిగితే మూతదే లోపం. పెరగకపోతే ట్యాపు జల్లెడలో తుప్పు చేరి ఉంటుంది, లేదా పైపు మడత పడి ఉంటుంది.

సీసాని కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర తేలితే నీళ్ళు కలిశాయన్నమాట. ఇప్పుడు అమ్మే పెట్రోల్లో నూటికి ఇరవై పాళ్ళ వరకు ఇథనాల్ ఉంటోంది. అది తేమని పీల్చుకునే సరుకు. నీళ్ళు ఎక్కువైతే రెండూ కలిసి అడుక్కి చేరతాయి. పాత రబ్బరు పైపులు, వాషర్లు కూడా దాని వల్ల ఉబ్బి, బీటలు వారే అవకాశం ఉంది. అన్నయ్యగారి సలహా మీద నేను పైపు మార్పించాను.

నాలుగోది కార్బొరేటరు గిన్నె. అడుగున చిన్న స్క్రూ ఉంటుంది. కింద సీసా పెట్టి వదులు చేస్తే పెట్రోలు వస్తూనే ఉండాలి. కాస్త వచ్చి ఆగిపోతే లోపల సూది వాల్వు బిగుసుకుంది. అదే పనిగా కారిపోతుంటే వాల్వులో నలుసు పడింది. అప్పుడు ట్యాపు కట్టెయ్యండి, కిక్కు కొట్టకండి.

జెట్లు చివరాఖరివి. వాటిని గాలితో ఊదించాలి గాని పిన్నీసుతో పొడవకూడదు. ఇత్తడి కదా, కన్నం పెద్దదైపోతుంది. వారాల తరబడి బండి తియ్యకపోతే ట్యాపు కట్టేసి, ఆగేదాకా ఇంజను నడిపి ఉంచండి.

ఈ వరసలో చివరి మెట్టు దగ్గర మెకానిక్కు తప్పనిసరి. కానీ మొదటి మూడూ మన చేతిలో పనులే. పైగా "ధార సరిగ్గా వస్తోంది, మూత చూశాను" అని చెప్పగలిగితే ఆయన పనీ తేలికవుతుంది, మన బిల్లూ తగ్గుతుంది.

టోపీ పారేయలేదండోయ్. స్పాంజీ తీసేసి, వానలో బండి నిలిపి ఉంచినప్పుడు మాత్రమే తొడుగుతున్నాను. కదిలేటప్పుడు తీసి సంచిలో వేసుకుంటాను.

మొన్న పదిహేనో తారీఖున ట్యాంకు నిండా పోయించుకుని ఎడ్లగాడి వంతెన దాటాను. దీపంలా రెపరెపలాడలేదు. మూడు గంటలకల్లా డబ్బు కట్టేశాను. ఇంటి ముందు బండి ఆపగానే మావారు లోపల్నుంచి, "ఇవాళ టైముకి కట్టేశావన్నమాట" అన్నారు.

"మీకెలా తెలుసు?"

"ఆగకుండా వచ్చినట్టు శబ్దంలోనే తెలుస్తోందిలే. కాఫీ ఇవ్వు" అన్నారు.