సింగిల్స్‌లో టికెట్ మిస్.. తణుకు అమ్మాయిని ఒలింపిక్స్‌కి తీసుకెళ్లింది రిలేనే! అసలు 4x400 లెక్కేంటి?

సత్యవేడు: ఒలింపిక్స్‌లో పరిగెత్తాలంటే దేశంలో నంబర్ వన్ అయి ఉండాల్సిందేనా? అక్కర్లేదు. పశ్చిమ గోదావరి జిల్లా తణుకుకు చెందిన దండి జ్యోతికశ్రీ కెరీర్ చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

2024 పారిస్ ఒలింపిక్స్ మహిళల 400 మీటర్లకు నేరుగా అర్హత రావాలంటే 50.95 సెకన్లలో రేసు ముగించాలి. జ్యోతికశ్రీ బెస్ట్ టైమింగ్ 51.53. తేడా సెకనులో సగం పైచిలుకు. వినడానికి ఏమీ కాదు గానీ, ట్రాక్ మీద అది దాదాపు నాలుగున్నర మీటర్లు. ఆ ఏడాది 50.92తో గీత దాటిన హరియాణా రన్నర్ కిరణ్ పహల్‌కు సింగిల్స్ టికెట్ దక్కింది.

మరి జ్యోతికశ్రీ పారిస్ ఎలా వెళ్లింది? దారి బహామాస్‌లో దొరికింది.

2024 మే నెలలో అక్కడి నసావులో ప్రపంచ రిలేలు జరిగాయి. ఒలింపిక్స్‌లో రిలేకి 16 జట్లకే చోటు. అందులో 14 బెర్తులు నసావులోనే తేలిపోతాయి. మొదటి రోజు హీట్‌లో టాప్-2లో నిలిస్తే నేరుగా పారిస్‌కే. మన అమ్మాయిలు 3 నిమిషాల 29.74 సెకన్లతో ఐదో స్థానంలో ఆగిపోయారు. మిగిలింది రెండో రోజు, ఒక్క ఛాన్స్. ముందురోజు అలసట కాళ్లలో ఉండగానే మళ్లీ దిగాలి. రూపల్ చౌధరి, పూవమ్మ, జ్యోతికశ్రీ, శుభా వెంకటేశన్.. ఈ నలుగురూ 3:29.35కి రేసు ముగించారు. జమైకా వెనకాల రెండో స్థానం, పారిస్ బెర్త్ ఖాయం. సగటున ఒక్కొక్కరు 52.34 సెకన్లు పరిగెత్తినట్టు లెక్క.

రిలేలో ఉన్న కిటుకే ఇది. ఒక్కరు మెరిస్తే చాలదు, నలుగురూ దాదాపు ఒకే స్థాయిలో ఉండాలి. 4x100లో బ్యాటన్‌ని వెనక్కి చూడకుండానే అందుకుంటారు. 4x400లో అలా కుదరదు. వచ్చేవాళ్లు అప్పటికే అలసి, అడుగులు తడబడుతూ వస్తుంటారు కాబట్టి అందుకునేవాళ్లు వెనక్కి తిరిగి చూస్తూనే కదలాలి. పైగా రెండో రన్నర్ మొదటి మలుపు దాటగానే లేన్లు వదిలేసి అందరూ లోపలి లేన్‌కి వచ్చేస్తారు. అక్కడ తోపులాటలో రిథమ్ పోయిందా, టైమ్ కూడా పోయినట్టే.

పారిస్‌లో కథ అడ్డం తిరిగింది. సత్యవేడు పక్కనే ఉన్న తమిళనాడు రన్నర్లు విత్యా రామ్‌రాజ్, శుభాతో పాటు పూవమ్మ, జ్యోతికశ్రీ దిగారు. టైమ్ 3:32.51, హీట్‌లో ఎనిమిదో స్థానం. నసావు కన్నా మూడు సెకన్లకు పైగా ఎక్కువ. ఆఖరి స్థానమని తీసిపారేశారు కొందరు. అక్కడిదాకా వెళ్లడమే ఎంత కష్టమో నసావు రెండో రోజు చూసినవాళ్లకి తెలుసు.

పశ్చిమ గోదావరికి ఈ రేసు కొత్త కాదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ ఫైనల్లో ఏడో స్థానం వచ్చిన భారత జట్టులో మార్టేరుకు చెందిన సత్తి గీత ఉంది. 2006 దోహా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన నలుగురిలోనూ ఆమె ఉంది. ఆ ఏథెన్స్‌లోనే మన అమ్మాయిలు పెట్టిన 3:26.89 జాతీయ రికార్డు, ఇరవై ఏళ్ల తర్వాత పారిస్‌లోనూ చెక్కుచెదరలేదు.

రిలే విలువ చైనాకి ఇంకా బాగా తెలుసు. సు బింగ్‌టియాన్ టోక్యో సెమీస్‌లో 100 మీటర్లను 9.83 సెకన్లలో పూర్తి చేసి ఆసియా రికార్డు కొట్టాడు. ఫైనల్లో మాత్రం ఆరో స్థానమే. ఒలింపిక్ పతకం 4x100తోనే వచ్చింది. అదీ నాలుగో స్థానంలో నిలిచాక, డోపింగ్ కారణంగా బ్రిటన్ జట్టుని తప్పించడంతో 2022లో కాంస్యంగా మారింది.

ఇక 2025 మే నెలలో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా ఛాంపియన్‌షిప్స్ జరిగాయి. మహిళల 4x400 స్వర్ణం భారత్‌కే. ఆ నలుగురిలో మరో తెలుగమ్మాయి ఉంది.. కూనవరం మండలానికి చెందిన కుంజా రజిత.