కాపు - కావలి - రక్షణ

అన్నవస్త్రాల తరువాత మానవునికి ముఖ్యంగా కావలసినది రక్షణ. అందువలననే రక్షణను తెలిపే పదాలు తెలుగు భాషలో విస్తారంగా ఉన్నాయి. కాపు, కావలి, కాపుదల వంటి దేశ్యపదాలు కొన్ని. రక్షణ, పాలన, అభయం, క్షేమం వంటి తత్సమపదాలు మరికొన్ని. ఇవన్నీ ఒకే అర్థాన్ని ఇస్తాయని పైకి తోస్తుంది. కాని వాడుకను పరిశీలిస్తే ఏ పదం ప్రత్యేకత దానిదే అని తెలుస్తుంది. రక్షణ అనే భావంలో మూడు అంశాలు ఇమిడి ఉంటాయి. రక్షించేవారు, రక్షింపబడేది, ఏ ఆపద నుండి రక్షణ కావాలో ఆ ఆపద. ఒక్కొక్క పదం వీటిలో ఒక్కొక్క అంశాన్ని ముందుకు తెస్తుంది.

దేశ్యపదాలలో మూలమైనది ‘కాచు’ అనే ధాతువు. కాపు, కాపరి, కావలి, కాపాడు అనేవి దీనికి సంబంధించిన రూపాలు. మందతో పాటు నడిచేవాడు కాపరి. ఒకచోట నిలిచి కనిపెట్టుకొని ఉండేవాడు కావలివాడు. అందుకే గొర్రెలకు కాపరి, తోటకు కావలి అంటాం. ‘కాపలా కాయు’ అనేది పనిని మాత్రమే తెలుపుతుంది; ‘కాపాడు’ అనేది ఫలితాన్ని కూడా తెలుపుతుంది. “రాత్రంతా మంచెపై కాపలా కాశాడు, కాని పంటను కాపాడుకోలేకపోయాడు” అనే వాక్యంలో ఈ భేదం స్పష్టమవుతుంది. పంటను కాచేవాడు కాబట్టి రైతుకు కాపు అనే పేరు వచ్చిందని చెబుతారు. “ఈ యేడు మామిడి కాపు బాగుంది” అన్నప్పటి కాపు వేరు. అది చెట్టు కాయడాన్ని తెలుపుతుంది.

కావలి అనే పదానికి రాయలసీమ చరిత్రలో మరొక అర్థం కూడా ఉంది. పాలెగాండ్ర కాలంలో గ్రామాలను దొంగల నుండి కాచే బాధ్యతకు, అందుకు ప్రతిఫలంగా గ్రామస్థులు చెల్లించే రుసుముకు కూడా కావలి అనే పేరు వాడుకలో ఉండేది. పుంగనూరు కూడా పాలెగాండ్ర ఏలుబడిలో ఉండి, తరువాత జమీందారీగా మారిన సంస్థానమే. పాలెగాడు అనే పదానికి ‘పాలన’తో సంబంధం లేదు. అది సైనిక శిబిరమనే అర్థం గల ‘పాళెము’ నుండి పుట్టింది. కావలి కాయవలసినవారే కొన్నిచోట్ల ప్రజలను పీడించిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. “కంచే చేను మేస్తే కాపేమి చేయగలడు?” అనే సామెతలోని ఆవేదన ఇటువంటిదే. ఈ సామెతలో కాపు అంటే రైతు.

తత్సమపదాలలో ‘రక్ష్’ ధాతువు నుండి వచ్చినవి ఎక్కువ. ‘సం’ అనే ఉపసర్గ చేరితే సంరక్షణ, అనగా చక్కగా రక్షించడం. ‘పరి’ చేరితే పరిరక్షణ, అనగా అన్ని వైపులా రక్షించడం. వాడుకలో దేశానికి రక్షణ, శిశువుకు సంరక్షణ, పర్యావరణానికి పరిరక్షణ అంటాం. కళాశాల దరఖాస్తులో తల్లిదండ్రుల పేరుకు పక్కన కనిపించే ‘సంరక్షకుడు’ అనే మాటలో పోషణ, బాధ్యత అనే అర్థాలు కూడా కలిసి ఉన్నాయి.

కొన్ని పదాల అర్థం కాలక్రమంలో మారింది. పాలన అంటే మొదట రక్షించడం, పోషించడం. గోపాలుడు, ద్వారపాలకుడు అనే పదాలలో ఆ అర్థం నిలిచి ఉంది. నేడు పాలన అనగానే ప్రభుత్వ నిర్వహణ స్ఫురిస్తుంది. సంస్కృతంలో రక్షణను తెలిపే ‘త్రాణం’ తెలుగు వాడుకలో ‘త్రాణ’గా మారి, శక్తి అనే అర్థాన్ని పొందింది. “లేచి నిలబడే త్రాణ లేదు” అనడం వింటూనే ఉంటాం. యోగక్షేమాలు అనే జంటపదంలో లేనిదానిని పొందడం యోగం, పొందినదానిని కాపాడుకోవడం క్షేమం.

రక్షణకు, భయానికి వ్యాకరణంలో దగ్గరి సంబంధం ఉంది. ఈ రెండు అర్థాలు గల ధాతువులతో చేరినప్పుడు భయానికి కారణమైన పదానికి పంచమీ విభక్తి వస్తుందని పాణిని చెప్పాడు. తెలుగులో ‘దొంగ వలన భయం’ దొంగభయం. ఇది పంచమీ తత్పురుష సమాసం. ‘పంట యొక్క రక్షణ’ పంటరక్షణ. ఇది షష్ఠీ తత్పురుష సమాసం. విభక్తి మారితే రక్షణ పొందేవారే మారిపోతారు. ‘ఏనుగుల రక్షణ’, ‘ఏనుగుల నుండి రక్షణ’ అనే రెండు మాటల మధ్య ఉన్న దూరం ఇదే.

ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి ప్రాంతంలో ఈ దూరం వ్యాకరణ విషయంగా మాత్రమే మిగలలేదు. మదనపల్లె సమీపంలోని హార్స్‌లీ హిల్స్‌కు ఆ పేరు 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ వలన వచ్చింది. స్థానికులు పిలిచే పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే బాలికను ఏనుగులు సాకాయని అక్కడి ఐతిహ్యం. ఆ కథలో ఏనుగే సంరక్షకురాలు. అక్కడి నుండి దక్షిణంగా పుంగనూరు దాటి పలమనేరు, కుప్పం ప్రాంతాలకు వెళితే కౌండిన్య అభయారణ్యం ఉంది. 1980వ దశకంలో పొరుగు రాష్ట్రాల అడవుల నుండి ఏనుగులు ఇటు వలస వచ్చాయి. 1990లో ప్రభుత్వం దీనిని అభయారణ్యంగా ప్రకటించింది. భయం లేకపోవడం అభయం. అది నఞ్ తత్పురుష సమాసం. అభయ, అరణ్య పదాలు కలిసినప్పుడు సవర్ణదీర్ఘ సంధి జరుగుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా ఏనుగుకు రక్షణ కల్పిస్తున్నది. ఇక్కడ ఏనుగు రక్షింపబడేది.

అడవి అంచున ఉన్న పొలంలోకి అదే ఏనుగు వచ్చినప్పుడు రైతుకు అది ఆపద. చెరకు, వరి పంటలు ఒక్క రాత్రిలో నేలమట్టమవుతాయి. ఆ ఘర్షణలో మనుషులూ మరణించారు, ఏనుగులూ మరణించాయి. కందకాలు, సౌరవిద్యుత్ కంచెలు అక్కడి వారికి పరిచితమైన రక్షణ సాధనాలు. 2025లో కర్ణాటక ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌కు శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను అప్పగించింది. పలమనేరు సమీపంలోని ముసలిమడుగు శిబిరం నుండి అవి అడవి ఏనుగులను తిరిగి అడవిలోకి మళ్ళించే పనిలో తోడ్పడతాయి. ఇక్కడ ఏనుగే పంటకు కావలి.

ఒకే జీవి ఒకచోట రక్షకురాలు, మరొకచోట రక్షింపబడేది, ఇంకొకచోట ఆపద. కనుక రక్షణ అనే మాట విన్నప్పుడు ఎవరు, ఎవరిని, దేని నుండి అనే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. వాటిలో ఒకదానికి సమాధానం దొరకకపోతే అక్కడ ఎవరికో అన్యాయం జరిగే అవకాశం ఉంది. కుప్పం రైతు కోరేది పంటకు రక్షణ. చట్టం కోరేది ఏనుగుకు రక్షణ. రెండింటిలో ఏ ఒక్కటి విడిచినా అభయారణ్యం అనే పేరులోని ‘అభయం’ సార్థకం కాదు.