డిస్క్‌లో బోలెడు ఖాళీ ఉన్నా 'స్పేస్ లేదు' అంటోందా? కంటైనర్‌లో డేటాబేస్ నడిపేవాళ్లకు 64 ఎంబీ లెక్క

పాత ల్యాప్‌టాప్‌ని మూలన పడేయకుండా ఇంట్లో చిన్న సర్వర్‌గా మార్చుకున్నవాళ్లు మనలో చాలామందే ఉంటారు. నేనూ అదే చేశా. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి, డాకర్ కంటైనర్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పెట్టా. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే క్రికెట్ మ్యాచ్‌ల బంతి బంతి డేటా అందులో ఎక్కించి సరదాగా లెక్కలు తీసేవాణ్ని. చిన్న క్వెరీలు ఠక్కున వచ్చేవి. ఒకరోజు రెండు పెద్ద టేబుల్స్‌ని కలిపి క్వెరీ కొడితే పొడుగాటి ఎర్రర్ వచ్చింది. నా కంట్లో పడింది చివరి ముక్క ఒక్కటే: 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్'.

డిస్క్ నిండిపోయిందని ఫిక్స్ అయిపోయా. ఆ ల్యాప్‌టాప్‌లో పెద్దగా కనిపించిన ఫోల్డర్ అక్క పెళ్లి వీడియోలది. 'వేరే ఎక్కడో కాపీ ఉండే ఉంటుందిలే' అనుకుని డిలీట్ చేసేశా. మళ్లీ క్వెరీ కొడితే అదే ఎర్రర్! అప్పుడు గానీ డిస్క్ ఎంత ఖాళీ ఉందో చూడాలని తట్టలేదు. చూస్తే, నేను డిలీట్ చేసిన ఫోల్డర్‌ని లెక్కలోంచి తీసేసినా పదుల జీబీలు ఖాళీగానే ఉన్నాయి.

మరి నిండింది ఏంటి?

ఎర్రర్‌ని మొదటినుంచి చదివితే అసలు విషయం అక్కడే ఉంది. షేర్డ్ మెమరీ సెగ్మెంట్ సైజు పెంచలేకపోయానని పోస్ట్‌గ్రెస్ చెబుతోంది. అంటే చోటు చాలనిది డిస్క్‌లో కాదు, షేర్డ్ మెమరీలో.

పోస్ట్‌గ్రెస్ ఒకే ప్రాసెస్‌గా నడవదు. ప్రతి కనెక్షన్‌కీ ఒక ప్రాసెస్ ఉంటుంది. ఒకరి మెమరీ ఇంకొకరికి కనిపించదు. ఉమ్మడి ఇంట్లో ఎవరి గది వాళ్లదే అయినా వంటగది అందరిదీ అయినట్టు, ఈ ప్రాసెస్‌లన్నీ కలిసి వాడుకునే చోటే షేర్డ్ మెమరీ.

ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది షేర్డ్ బఫర్స్. డిఫాల్ట్‌గా 128 ఎంబీ. డేటాబేస్ స్టార్ట్ అయ్యేటప్పుడే దీన్ని తీసేసుకుంటుంది. 2013లో వచ్చిన 9.3 వెర్షన్ నుంచి దీన్ని నేరుగా ర్యామ్‌లోంచి తీసుకుంటోంది కాబట్టి కంటైనర్‌లో ఇబ్బంది రాదు. రెండోది అప్పటికప్పుడు అడిగేది. 2016లో వచ్చిన 9.6 వెర్షన్ నుంచి ఒకే క్వెరీని కొందరు వర్కర్లు పంచుకుని చేయొచ్చు. వాళ్లు కలిసి పనిచేయడానికి కావాల్సిన మెమరీని లినక్స్‌లో '/డెవ్/ఎస్‌హెచ్‌ఎం' అనే చోట తీసుకుంటారు. డాకర్ ఒక్కో కంటైనర్‌కి ఆ చోటుని డిఫాల్ట్‌గా 64 ఎంబీ మాత్రమే ఇస్తుంది.

నా విషయంలో ఇంకో తప్పు కూడా ఉంది. స్పీడ్ కోసం వర్క్ మెమరీ సెట్టింగ్‌ని 4 ఎంబీ నుంచి 64 ఎంబీకి పెంచా. డిఫాల్ట్‌గా ఇద్దరు వర్కర్లు, ఒక లీడర్. ముగ్గురి వాటాలు కలిపి ఒకే హ్యాష్ టేబుల్ కట్టుకుంటే అది 192 ఎంబీ దాకా పెరగొచ్చు, కొత్త వెర్షన్లలో ఇంకా ఎక్కువే. ఉన్నది 64. చిన్న క్వెరీలు నడిచి, పెద్దది మాత్రమే చచ్చిపోవడానికి కారణం ఇదే.

ఇది కొత్త తలనొప్పి కాదు

డాకర్ రాకముందే ఫ్రీబీఎస్‌డీలో 'జైల్స్' ఉన్నాయి. 2000లో 4.0 వెర్షన్‌తో వచ్చాయి. ఫైల్స్, ప్రాసెస్‌లు, నెట్‌వర్క్ అన్నిటికీ గోడలు కట్టారు. పాతకాలపు 'సిస్టమ్ ఫైవ్' షేర్డ్ మెమరీకి మాత్రం గోడ లేదు. జైల్‌లో పోస్ట్‌గ్రెస్ కావాలంటే దానికి పర్మిషన్ ఇవ్వాలి. ఇస్తే ఆ మెమరీ జైళ్లన్నిటికీ ఉమ్మడి అయిపోయేది. అందుకే ఒక్కో జైల్‌లో పోస్ట్‌గ్రెస్‌ని వేరే యూజర్ ఐడీతో నడపమని సలహా ఇచ్చేవారు. 2016లో 11.0 వెర్షన్‌తో ఏ జైల్‌కి ఆ జైల్ సొంత షేర్డ్ మెమరీ ఇచ్చే వీలొచ్చింది. అక్కడ గోడే లేక తంటా అయితే, ఇక్కడ గోడ లోపల గది చిన్నదై తంటా.

ఇలా సరిచేసుకోండి

1. ముందు డేటా వాల్యూమ్‌లో ఉందో లేదో చూసుకుని, ఒక డంప్ తీసి పక్కన పెట్టండి.

2. కంటైనర్ లోపలికెళ్లి '/డెవ్/ఎస్‌హెచ్‌ఎం' సైజు చూడండి. 64 ఎంబీ కనిపిస్తే దొరికినట్టే.

3. కంపోజ్ ఫైల్‌లో డేటాబేస్ సర్వీస్ కింద 'ఎస్‌హెచ్‌ఎం_సైజ్' అనే లైన్ చేర్చి 256 ఎంబీ ఇవ్వండి. ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే, వాడుకున్నంతే ర్యామ్ ఖర్చవుతుంది.

4. ఉత్త రీస్టార్ట్ సరిపోదు. కంటైనర్‌ని మళ్లీ క్రియేట్ చేయాలి.

ర్యామ్ మరీ తక్కువైతే, ఒక్కో క్వెరీకి ఇచ్చే పేరలల్ వర్కర్ల సంఖ్యని సున్నా చేయండి. పెద్ద క్వెరీలు నెమ్మదిస్తాయి కానీ ఈ గొడవ ఉండదు. 'ఐపీసీ'ని 'హోస్ట్' అని పెట్టమనే చిట్కా కూడా కనిపిస్తుంది. ఎర్రర్ పోతుంది, నిజమే. కానీ దాంతో పాటు గోడా పోతుంది. మెయిన్ మెషీన్ షేర్డ్ మెమరీలోకి కంటైనర్‌కి దారి ఇచ్చినట్టే. నేనైతే వాడను.

256 ఎంబీ ఇచ్చాక నా క్వెరీ తొలిసారే నడిచింది. పెళ్లి వీడియోలు కొన్ని బావ ఫోన్‌లో దొరికాయి. అప్పగింతల వీడియో మాత్రం ఎక్కడా లేదు. అక్కకి ఇంకా చెప్పలేదు. మీకు 'స్పేస్ లేదు' అని వస్తే, ఏదైనా డిలీట్ చేసేముందు ఎక్కడ స్పేస్ లేదో ఎర్రర్‌లో పూర్తిగా చదవండి.