దంతముల వరుసయు దంతముల ఆరోగ్యమును

బాలబాలికలలో కొందఱి పండ్లకు సన్నని తీగెలు కట్టియుండుట చదువరులు చూచియే యుందురు. ఎగుడుదిగుడుగా నున్న పండ్లను వరుసకు తెచ్చుటకై దంతవైద్యులు చేయు చికిత్స యిది. వరుసగా నున్న పండ్లు పుచ్చిపోవని నమ్మి పలువురు తలిదండ్రులు దీనికై చాల ధనము వెచ్చించుచున్నారు. అంత ధనము లేనివారు తమ బిడ్డల పండ్లు చెడునేమో యని దిగులుపడుచున్నారు. ఈ నమ్మకము ఎంతవఱకు నిజమో విచారింతము.

మొదట పన్ను కదలు విధమును తెలిసికొనవలెను. పన్ను గోడలోని మేకువలె ఎముకలో బిగిసియుండునది కాదు. పంటివేరునకును దవడయెముకకును నడుమ మెత్తని నారపొర యొకటి కలదు. తీగె పన్నును మెల్లగా నెట్టునప్పుడు ఒత్తిడి కలిగిన వైపున ఎముక కరగును. రెండవవైపున క్రొత్త యెముక పెరుగును. ఇట్లు పన్ను నెలకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు మాత్రమే జరుగును. కావుననే యీ చికిత్సకు ఒకటి రెండు సంవత్సరములు పట్టుచుండును. పై పండ్లును క్రింది పండ్లును కలియు తీరునుబట్టి వంకరలను మూడు తరగతులుగా 1899లో విభజించినవాడు అమెరికా వైద్యుడగు ఎడ్వర్డు ఆంగిల్.

ఇందు కొన్ని యపాయములును గలవు. తీగెలచుట్టు పాచి చేరును. పాచిలోని సూక్ష్మజీవులు తీపిపదార్థములను ఆమ్లముగా మార్చును. ఆ యామ్లము పంటిపై నున్న గట్టిపొరను తినివేయును. శుభ్రము చేయనిచో ఒక్క నెలలోనే పండ్లపై తెల్లని మచ్చలు పొడసూపవచ్చును, చిగుళ్లు వాచును. మఱియు ఒత్తిడివలన పంటివేళ్ల కొనలు కొంత యరుగుటయు కలదు. ఆల్బర్టు కెచమ్ అను వైద్యుడు 1927లో దీనిని ఎక్స్‌రే పటములతో చూపెను. ఈ యరుగుదల సాధారణముగా స్వల్పము; అరుదుగా హెచ్చగును. చికిత్స ముగిసిన పిమ్మట పండ్లను కదలనీయక నిలుపు ‘రిటైనరు’ అను సాధనమును ధరింపనిచో, అవి మరల వంకర తిరుగవచ్చును.

ఇక ఫలితమును చూతము. దక్షిణ ఆస్ట్రేలియాలో 1988, 1989 సంవత్సరములలో పదుమూడేండ్ల ప్రాయమున నున్న 448 మంది పిల్లలను, వారికి ముప్పదియేండ్లు వచ్చిన 2005, 2006 సంవత్సరముల వఱకు పరిశీలించిరి. అప్పటికి వారిలో మూడవవంతునకు మించినవారు పండ్లు సరిచేయించుకొనియుండిరి. అడిలైడ్ విశ్వవిద్యాలయమువారు 2019లో ఫలితమును ప్రకటించిరి. చికిత్స పొందినవారికి పిప్పిపండ్లు తక్కువ కాలేదు!

అట్లని యీ చికిత్స నిరర్థకమని యెంచరాదు. ఎత్తుపండ్లుగల బాలురు ఆటలలో క్రిందపడినపుడు ముందుపండ్లు విఱుగుట సులభము. చిన్ననాడే వానిని వెనుకకు తెచ్చినచో ఆ యపాయము తగ్గును. నమలుటకు బాధ కలిగించు వంకరలును సవరింపబడును. నవ్వుటకు సిగ్గుపడు బిడ్డకు ధైర్యము కలుగుటయు లాభమే. కాని పిప్పిపండ్లు రాకుండుటకు ఇది మందు కాదు.

కావున తలిదండ్రులారా, వైద్యుని ‘దీనివలన లాభమేమి, నష్టమేమి’ యని అడిగి తెలిసికొనుడు. స్తోమతు లేనివారు దిగులుపడ నక్కఱలేదు. విద్యార్థులారా, తీగెలున్నను లేకున్నను, ఉదయమునను రాత్రి పరుండుటకు ముందును ఫ్లోరైడుగల పేస్టుతో పండ్లు తోముకొనుడు. మాటిమాటికి మిఠాయిలు తినకుడు. తీగె పండ్లను వరుసలో నిలుపును; వానిని కడవఱకు నిలుపుకొనుట మీ చేతిలోనే యున్నది.